అలమరా కాదు గురూ... అదొక బిల్డింగ్!

ఫోన్‌లో ఆర్డర్ కొడతాం. రెండ్రోజుల్లో పార్సిల్ గుమ్మం ముందు ఉంటుంది. మరి ఈలోగా ఆ వస్తువు ఎక్కడ ఉంది? చాలావరకు హైవే పక్కన ఓ రేకుల షెడ్డులో, నీలం పోస్టులు, నారింజ రంగు బీముల ర్యాక్ మీద, రెండంతస్తుల మేడంత ఎత్తులో. కింద నిలబడి చూస్తే అదేదో పెద్ద సైజు ఇనప అలమరాలా కనిపిస్తుంది. ‘నాలుగు బోల్టులు బిగిస్తే అయిపోయేదానికి ఇంజినీర్ ఎందుకు, డ్రాయింగ్ ఎందుకు?’ అనిపిస్తుంది.

సరిగ్గా ఆ ఆలోచనే ప్రాణం మీదకు తెస్తుంది. 2020 అక్టోబరు 2న బ్రెజిల్‌లోని సావో లూయిస్ నగరంలో ఓ హోల్‌సేల్ సూపర్‌మార్కెట్‌లో ర్యాక్ కూలింది. ఆ వీడియో ప్రపంచమంతా తిరిగింది, మీరూ చూసే ఉంటారు. ఒక వరస ఒరిగి పక్క వరస మీద పడింది. అది ఇంకోదాని మీద. అన్నీ నేలమట్టం కావడానికి కొన్ని సెకన్లే పట్టింది. అక్కడ పనిచేసే ఒకరు చనిపోయారు, మరికొందరు గాయపడ్డారు.

టన్నుల బరువు మోస్తూ, కింద మనుషులు తిరిగే దేన్నయినా మనం బిల్డింగ్ అనే అంటాం. దానికి పునాది, లెక్క, ప్లాను అడుగుతాం. ర్యాక్‌నీ అవే అడగాలి. ఈ కథంతా దాని గురించే.

బెల్లం ఊళ్లో ర్యాకుల కాలం

అనకాపల్లి అనగానే గుర్తొచ్చేది బెల్లం. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో మనదొకటి. చెరకు పరిశోధన కేంద్రం 1913 నుంచీ ఇక్కడే ఉంది. సరుకు నిల్వ చేయడం ఈ ఊరికి కొత్త కాదు. కాకపోతే ఇన్నాళ్లూ నిల్వ అంటే నేల మీద పేర్చడమే. దిమ్మలు దించడం, రంగు చూసి రకాలుగా విడదీయడం, వరసల్లో సర్దడం... కళాసీల భుజాలే ఆ గోడౌన్లకు క్రేన్లు.

2022 ఏప్రిల్ 4న అనకాపల్లి కొత్త జిల్లా అయింది. పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం సెజ్ రెండూ ఈ జిల్లాలోనివే. నక్కపల్లి దగ్గర బల్క్ డ్రగ్ పార్కుకు 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. 16వ నంబరు జాతీయ రహదారి జిల్లా మధ్య నుంచే పోతుంది. ఫ్యాక్టరీ వచ్చిన చోటికి గోడౌన్ వస్తుంది, గోడౌన్‌తో పాటు ర్యాకులు వస్తాయి. వాటి కింద పనిచేసేది ఎక్కువగా ఐటీఐ, డిగ్రీ అయిపోయి పికర్‌గానో ఫోర్క్‌లిఫ్ట్ ఆపరేటర్‌గానో చేరే కుర్రాళ్లే. అంటే మీరో, మీ ఫ్రెండ్సో.

ముందు ప్రశ్న: ఏం పెడతారు?

ర్యాక్ కొనడానికి వెళ్లినవాళ్లు మొదట అడిగేది ‘రేటెంత?’ అని. మంచి డిజైనర్ మొదట అడిగేది ‘సరుకేంటి?’ అని.

బెల్లమే తీసుకోండి. గాల్లో చెమ్మను పీల్చేస్తుంది. వానాకాలం గాలి సరిగ్గా ఆడకపోతే మెత్తబడి కారడం మొదలవుతుంది. ఎత్తుగా పేరిస్తే పైబరువుకు కింది వరస నలుగుతుంది. ర్యాక్ వేస్తే కింది సరుకు మీద పైసరుకు భారం పడదు, చుట్టూ గాలి ఆడుతుంది. అది లాభం. కానీ కారిన బెల్లం బీమ్ మీద పడితే తుడిచే ఏర్పాటు ఉండాలి, చీమలూ ఎలుకలూ రాకుండా చూడాలి, గోడకు ఆనించకూడదు.

మందుల ముడిసరుకైతే లెక్క వేరు. 2023 డిసెంబరులో కేంద్రం నోటిఫై చేసిన కొత్త షెడ్యూల్ ఎం ప్రకారం పరీక్ష కాని సరుకు వేరు, పాసైంది వేరు, రిజెక్ట్ అయింది వేరుగా ఉండాలి. సరుకు నేలకు తగలకూడదు. గడువు ముందు ముగిసేది ముందు బయటకు వెళ్లాలి. ఇలాంటిచోట ప్రతి ప్యాలెట్‌నూ నేరుగా తీయగలిగే సెలెక్టివ్ ర్యాక్ కావాలి. ఫోర్క్‌లిఫ్ట్ లోపలికి దూరి ఒకదాని వెనక ఒకటి పెట్టే డ్రైవ్-ఇన్ ర్యాక్‌లో చోటు బాగా కలిసొస్తుంది. కానీ చివర పెట్టింది ముందు బయటకొస్తుంది. మందులకు అది నప్పదు, ఒకే రకం సరుకు గుట్టలుగా ఉన్నచోట నప్పుతుంది.

మంటలంటుకునే సాల్వెంట్ల డ్రమ్ములైతే మామూలు ర్యాకుల్లో కలపనేకూడదు. వాటికి విడిగా గది, విడిగా అనుమతులు ఉంటాయి. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఫార్మా కంపెనీ ప్రమాదంలో 17 మంది పోయారు. అది ర్యాక్ వల్ల జరిగింది కాదు. కానీ మండే ద్రవం ఎక్కడుందన్నది ఎంత ముఖ్యమో ఈ జిల్లాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

లెక్క వేద్దాం రండి

అనకాపల్లి బైపాస్ పక్కన ఒక షెడ్డు ఉందనుకుందాం. వెడల్పు 18 మీటర్లు, పొడవు 30 మీటర్లు. అంటే దాదాపు 5,800 చదరపు అడుగులు, మన లెక్కలో 13 సెంట్ల పైచిలుకు. లోపల ఖాళీ ఎత్తు 8 మీటర్లు.

ప్యాలెట్ సైజు 1,200 × 1,000 మిల్లీమీటర్లు. సరుకుతో కలిపి ఒక్కోటి 1 టన్ను, ఎత్తు మీటరున్నర. ఒక బీమ్ మీద పక్కపక్కనే రెండు ప్యాలెట్లు పెడతాం. రెండు ప్యాలెట్లకు 2,000, మధ్యలోనూ రెండు పక్కలా వంద చొప్పున ఖాళీ 300, మొత్తం 2,300 మిల్లీమీటర్ల బీమ్. ఆ వంద వంద ఎందుకంటారా? ఆపరేటర్ ప్రతిసారీ గీత గీసినట్టు పెట్టలేడు కదా. ఆ ఖాళీ లేకపోతే ప్యాలెట్ పెట్టిన ప్రతిసారీ పోస్టుకు దెబ్బే.

నేల మీద ఒక వరస, పైన మూడు బీమ్ లెవెల్స్. ఒక్కో లెవెల్‌కు 1.75 మీటర్ల ఎత్తు. పై సరుకు కొస 6.75 మీటర్ల దగ్గర ఉంటుంది. పైన మిగిలే మీటరుంపావు వృథా అనుకోకండి. అది నిప్పు ఆర్పే నీళ్ల కోసం. స్ప్రింక్లర్‌కూ సరుకుకూ మధ్య కనీసం 18 అంగుళాలు, గోడౌన్లలో వాడే పెద్ద చుక్కల రకానికైతే 36 అంగుళాలు ఉండాలని అమెరికా అగ్నిరక్షణ ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 13 చెబుతుంది.

ఇక ఆటను మార్చేసేది దారి వెడల్పు. గోడౌన్లో దీన్ని ఐల్ అంటారు. మామూలు ఫోర్క్‌లిఫ్ట్ తిరగాలంటే దాదాపు 4 మీటర్లు కావాలి. రీచ్ ట్రక్ అయితే 3 మీటర్లు చాలు.

రీచ్ ట్రక్ తీసుకుంటే మన 18 మీటర్ల వెడల్పులో మూడు దారులు, ఆరు వరసల ర్యాకులు పడతాయి. ముందు లోడింగ్‌కు 8 మీటర్లు, వెనక నడవడానికి కొంత వదిలితే వరసకు 8 గదులు. ఆరు వరసలు, ఎనిమిది గదులు, గదికి నాలుగు లెవెల్స్, లెవెల్‌కు రెండు ప్యాలెట్లు. మొత్తం 384.

మామూలు ఫోర్క్‌లిఫ్ట్ అయితే మూడో దారికి చోటు చాలదు. రెండు దారులు, నాలుగు వరసలే. మొత్తం 256 ప్యాలెట్లు. అదే షెడ్డు, అదే అద్దె, 128 ప్యాలెట్లు తేడా! రీచ్ ట్రక్ ఖరీదెక్కువ. దానికి నేల కూడా నున్నగా, సమంగా ఉండాలి. ఏది లాభమో మీ సరుకు తిరిగే వేగాన్ని బట్టి ఉంటుంది. కానీ ఈ నిర్ణయం ర్యాక్ కొనకముందే జరగాలి. కొన్నాక జరిగితే ఇరుకు దారిలో పెద్ద బండి తిరుగుతుంది. రోజుకో పోస్టు వంగుతుంది.

అరచేతంత చోట మూడు టన్నులు

మన డిజైన్లో ఒక గదిలో బీముల మీద ఉండేది ఆరు ప్యాలెట్లు, అంటే 6 టన్నులు. నేల మీదున్న రెండు ప్యాలెట్ల బరువు నేలే మోస్తుంది. పక్క గది నుంచి వచ్చే సగం, ఈ గది సగం కలిపి మధ్యలోని ప్రతి ఫ్రేము 6 టన్నులు మోస్తుంది. ఫ్రేముకు రెండు పోస్టులు. అంటే పోస్టుకు 3 టన్నులు.

ఆ పోస్టు కింద ఉండే ప్లేటు సుమారు మీ అరచేయంత. మూడు చిన్న కార్ల బరువు మీ అరచేతంత చోట దిగుతోందన్నమాట! మీ ఫ్లోరింగ్ దానికి సిద్ధమేనా?

హైవే వెంట చాలా షెడ్లు పల్లపు పొలాన్ని గ్రావెల్‌తో మెరక చేసి కట్టినవే. గ్రావెల్‌ను పొరలు పొరలుగా తడిపి రోలర్ తొక్కించకుండా పైన కాంక్రీట్ వేసేస్తే మొదట్లో అంతా బాగానే ఉంటుంది. బరువు పడ్డాక ఒకచోట కుంగుతుంది. నేల అంగుళం కుంగితే, 6 మీటర్ల పైన పోస్టు కొస ఎంత ఒరుగుతుందో ఊహించండి. అందుకే స్లాబ్ మందం ఎంత, ఏ గ్రేడ్ కాంక్రీట్, లోపల ఇనుము ఉందా, కింద మట్టి ఏంటి అన్నవి కాగితం మీద ఉండాలి. టైల్స్ మీదా, పగిలిన గచ్చు మీదా బోల్టు దించితే అది పట్టు కాదు, అలంకారం.

ఇంకో సంగతి. ‘గట్టిగా ఉంటుంది’ అని ర్యాక్‌ను షెడ్డు స్తంభాలకు కట్టేస్తుంటారు. మనది తుపాన్ల తీరం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఏం చేసిందో ఇక్కడ పెద్దగా వివరించక్కర్లేదు. గాలి భారం చెప్పే మన ప్రమాణం ఐఎస్ 875 విశాఖకు సెకనుకు 50 మీటర్ల ప్రాథమిక గాలి వేగాన్ని లెక్కలోకి తీసుకోమంటుంది. అంటే గంటకు 180 కిలోమీటర్లు. అంత గాలికి షెడ్డు ఊగుతుంది. ర్యాక్‌ను దానికి కట్టేస్తే ఆ ఊపు ర్యాక్‌కు వస్తుంది, ర్యాక్ బరువు షెడ్డుకు పోతుంది. ఇద్దరి లెక్కా తప్పుతుంది. ఇంజినీర్ లెక్కేసి చెబితే తప్ప ర్యాక్ తన కాళ్ల మీద తాను నిలబడాలి.

సముద్రపు ఉప్పుగాలి సంగతీ ఉంది. అచ్యుతాపురం, పరవాడ వైపు పెయింట్ గీసుకుపోయిన చోట తుప్పు త్వరగా మొదలవుతుంది. గీత పడిన వెంటనే రంగు వేయడం సోకు కాదు, మందు.

బిగించే రోజు

మంచి టీమ్ వచ్చి ముందు స్టీలు దించదు. నేల మీద గీతలు గీస్తుంది. లేజర్ లెవెల్ పెట్టి నేల ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లం చూస్తుంది. పల్లం ఉన్నచోట బేస్ ప్లేటు కింద షిమ్ అనే పల్చటి ఇనప పలకలు పెడుతుంది. చెక్క ముక్కలు, అట్టలు కాదు.

తర్వాత రెండు ఫ్రేములు లేపి బీములతో కలుపుతారు. బీమ్ చివర ఉన్న కొక్కేలు పోస్టు రంధ్రాల్లో దిగుతాయి. దిగాక సేఫ్టీ పిన్ పడాలి. ఇది చిటికెన వేలంత వస్తువు. దీని పనేంటంటే, ఫోర్క్‌లిఫ్ట్ కింద నుంచి తగిలి బీమ్‌ను పైకెత్తినా ఊడిపోకుండా ఆపడం. అది లేకపోతే టన్నుల సరుకుతో సహా బీమ్ జారుతుంది. ఎక్కువ గోడౌన్లలో మాయమయ్యేదీ ఇదే!

ఆపైన నిలువు చూడాలి. మేస్త్రీ గోడకు రసమట్టం పెట్టి చూసినట్టే. అమెరికాలో వాడే ఆన్సీ ఎంహెచ్ 16.1 ప్రమాణం ప్రకారం 10 అడుగుల ఎత్తుకు అర అంగుళానికి మించి ఒరగకూడదు. నిలువు కుదిరాకే యాంకర్ బోల్టులు. ముందే బోల్టు బిగించేసి తర్వాత పోస్టును లాగి సరిచేయడం మొదలుపెడితే, ఆ ఒత్తిడి స్టీలులోనే ఉండిపోతుంది. బోల్టు ఎంత బిగించాలో టార్క్ రెంచ్ చెప్పాలి, చేతి అంచనా కాదు.

బిగించేవాళ్ల ప్రాణం కూడా లెక్కే. ర్యాక్‌ను నిచ్చెనలా పట్టుకుని ఎక్కడం, ఫోర్క్‌లిఫ్ట్ ఫోర్కుల మీద నిలబడి పైకెళ్లడం మన దగ్గర రోజూ కనిపించే దృశ్యమే. అందుకు సిజర్ లిఫ్ట్, ఒంటికి హార్నెస్ ఉన్నాయి. పని జరిగేటప్పుడు ఆ దారిలో ఇంకెవరూ ఉండకూడదు.

చివరగా లోడ్ బోర్డు. వరస చివర అందరికీ కనిపించేలా పెట్టే పలక. బీమ్ జతకు ఎంత, గది మొత్తానికి ఎంత, మొదటి బీమ్ ఎంత ఎత్తులో ఉండాలి అన్నది దాని మీద ఉంటుంది.

ఒక్క బీమ్ తీస్తే...

ఇప్పుడు అసలు విషయం. చాలామంది ర్యాక్ బలం స్టీలులో ఉందనుకుంటారు. నిజానికి సగం బలం అమరికలో ఉంటుంది.

30 సెంటీమీటర్ల ప్లాస్టిక్ స్కేలును టేబుల్ మీద నిలబెట్టి పైనుంచి నొక్కండి. ఇట్టే వంగుతుంది. 15 సెంటీమీటర్ల స్కేలు నొక్కండి. అంత తేలిగ్గా లొంగదు. లియొనార్డ్ ఆయిలర్ అనే గణిత శాస్త్రవేత్త 1744లోనే దీని లెక్క చెప్పాడు. పట్టు లేకుండా నిలబడ్డ పొడవు రెట్టింపైతే, వంగకుండా మోయగల బరువు నాలుగో వంతుకు పడిపోతుంది. నిజం ర్యాక్‌లో స్టీలు మందం, రంధ్రాలు, జాయింట్ల వల్ల అంకె కాస్త అటూ ఇటూ అవుతుంది. దారి మాత్రం ఇదే.

బీములు సరుకు మోయడమే కాదు, పోస్టు వంగకుండా మధ్యమధ్యలో పట్టుకుంటాయి కూడా. మన డిజైన్లో పోస్టుకు ప్రతి 1.75 మీటర్లకూ ఒక పట్టు ఉంది. ఒకరోజు ఎత్తయిన మెషిన్ వచ్చింది. ‘కింది బీమ్ తీసేయండి, పడుతుంది’ అన్నారెవరో. సుత్తితో రెండు దెబ్బలు, బీమ్ బయటకొచ్చింది. ఇప్పుడు కింద 3.5 మీటర్ల దాకా పట్టు లేదు. పైన టన్నులు అలాగే ఉన్నాయి. బోర్డు మీద పాత అంకే ఉంది. ఆ క్షణం నుంచి ఆ బోర్డు అబద్ధం చెబుతోంది!

సెకండ్ హ్యాండ్ ర్యాకులతో వచ్చే చిక్కూ ఇదే. పాతవి కొనడం తప్పు కాదు. కొత్తగా బిజినెస్ పెట్టేవాడికి డబ్బు మిగులుతుంది. కానీ ఒక కంపెనీ పోస్టుకు ఇంకో కంపెనీ బీమ్ తగిలిస్తే, కొక్కెం దూరినంత మాత్రాన బరువు మోస్తుందని కాదు. వంగి, సుత్తితో సరిచేసి, పైన పెయింట్ కొట్టిన పోస్టు కొత్తదానిలాగే మెరుస్తుంది. తయారీదారు ఎవరు, స్టీలు మందమెంత తెలియకపోతే దాని మీద ఏ ఇంజినీరూ అంకె రాయలేడు. అంకె లేని ర్యాక్ చవక కాదు.

దెబ్బ తగిలితే ఎవరికి చెప్పాలి?

2016 మే 13న ఇంగ్లండ్‌లోని హిన్‌స్టాక్ అనే చోట చీజ్ నిల్వ చేసే గోడౌన్లో ర్యాకులు కూలాయి. ఓ ఫోర్క్‌లిఫ్ట్ ఆపరేటర్ టన్నుల కొద్దీ చీజ్ కింద గంటల తరబడి ఇరుక్కున్నాడు. బండి క్యాబిన్ చుట్టూ ఉన్న ఇనప గూడు పుణ్యమా అని ప్రాణాలతో బయటపడ్డాడు.

యూరప్ ప్రమాణం ఈఎన్ 15635 ఇలాంటివాటిని ముందే పట్టుకునే పద్ధతి చెబుతుంది. పెద్ద ఖర్చేమీ లేదు. ఒక మీటరు స్కేలు చాలు. వంగిన చోట పోస్టుకు ఆనించి సందు కొలవాలి. బీమ్ ఉన్న దిశలో 5 మిల్లీమీటర్లు, ర్యాక్ లోతు దిశలో 3 మిల్లీమీటర్ల లోపు ఉంటే ఆకుపచ్చ, గమనిస్తూ ఉండాలి. దాటితే కాషాయం. ఉన్న సరుకు తీశాక బాగుచేసేదాకా మళ్లీ పెట్టకూడదు. ఆ కొలతలకు రెట్టింపు దాటితే ఎరుపు. వెంటనే ఖాళీ చేయాలి. గోడౌన్లో ఇందుకు బాధ్యుడిగా ఒక మనిషి ఉండాలి, ఏడాదికోసారి నిపుణుడు చూడాలి అని కూడా అందులో ఉంది.

కష్టం కొలతలో లేదు, చెప్పడంలో ఉంది. పోస్టుకు బండి తగిలిందని చెబితే జీతంలో కోస్తారనే భయం ఉన్నచోట ఏ ఆపరేటరూ చెప్పడు. వంగిన పోస్టు అలాగే ఉండిపోతుంది. గోడౌన్ నడిపేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. తిట్టకుండా వినడం కొత్త పోస్టు కన్నా చవక.

డ్యూటీలో చేరిన మొదటి రోజు

మీరు ఓనరు కాకపోవచ్చు. కానీ ఈ ఐదూ చూడటానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు.

1. వరస చివర లోడ్ బోర్డు ఉందా? అందులో చెప్పిన ఎత్తులోనే మొదటి బీమ్ ఉందా?

2. ప్రతి బీమ్‌కు రెండు చివరలా సేఫ్టీ పిన్ ఉందా?

3. పోస్టుల కింద ప్లేటుకు బోల్టులు ఉన్నాయా, లేక రంధ్రాలు ఖాళీగా ఉన్నాయా?

4. దారి మలుపుల్లో పోస్టులకు ఇనప గార్డులు ఉన్నాయా? ఉంటే వాటి వెనక పోస్టు నిటారుగా ఉందా?

5. బరువు పెట్టినప్పుడు బీమ్ మరీ కుంగుతోందా? 2,300 మిల్లీమీటర్ల బీమ్ 11, 12 మిల్లీమీటర్లకు మించి కుంగితే అడగాల్సిందే.

తేడా కనిపిస్తే ఫోన్ తీయండి. ఫొటో కొట్టి, వరస నంబరు, తేదీ రాసి సూపర్‌వైజర్‌కు పంపండి. నోటిమాట మర్చిపోతారు, మెసేజ్ ఉండిపోతుంది. జవాబు వచ్చేదాకా ఆ గది కింద నిలబడి కబుర్లు మాత్రం చెప్పకండి.